పెద్దవాళ్ల నాట్యం క్లాసులు, కొత్త స్నేహాలు: నెల్లూరులో తరచుగా అడిగే ప్రశ్నలు

నలభై ఒకటో ఏట కూచిపూడి క్లాసులో చేరాను. ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చి అప్పటికి నాలుగేళ్లు. అపార్ట్‌మెంటులో ఎదురింటివాళ్లను చూసి లిఫ్టులో నవ్వడం తప్ప, ఊళ్లో నాకంటూ ఒక మనిషి లేదు. ఇప్పటికి ఆరేళ్లయింది. మా సాయంత్రం బ్యాచ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లను పలకరించే పని గురువుగారు నాకే అప్పజెప్పారు. ఫోన్లోనూ, రైతు బజారులోనూ, గుడి మెట్ల మీదా అందరూ దాదాపు ఇవే అడుగుతున్నారు. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టాను. మీకు కావలసింది చూసుకుని చదువుకోండి.

## చేరకముందు

నలభై దాటాయి. ఇప్పుడు మొదలుపెడితే ఒళ్లు వంగుతుందా?

వంగుతుంది. పదేళ్ల పిల్లకు వంగినట్టు మాత్రం వంగదు. కూచిపూడిలో మొదట నేర్పేది అర్ధమండలి. పాదాలు పక్కలకు తిప్పి, మోకాళ్లు బయటికి మడిచి, సగం కూర్చున్నట్టు నిలబడాలి. పిల్లలు మొదటి రోజే కిందికి దిగిపోతారు. మనకు బెత్తెడు దిగడానికే నెల పడుతుంది. ఆ బెత్తెడు చాలు. అడుగు స్పష్టంగా పడటానికీ, తాళంలో నిలబడటానికీ, చెయ్యి వెళ్లిన వైపే చూపు వెళ్లడానికీ వయసుతో పని లేదు. అభినయంలోనైతే పెద్దవాళ్లదే పైచేయి. బిడ్డ కోసం ఎదురుచూసే తల్లిని పిల్లలు నేర్చుకుని చూపించాలి. మా బ్యాచ్‌లో ఒక అక్క వాళ్ల కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఆ అక్క ఊరికే గుమ్మం వైపు తల తిప్పితే గదిలో ఎవరూ మాట్లాడరు.

మా అత్తగారికి అరవై ఆరు. ఆమె కూడా రావచ్చా?

డాక్టరు వద్దనకపోతే తప్పకుండా తీసుకురండి. 2003లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశోధన వచ్చింది. 75 ఏళ్లు దాటిన 469 మందిని సుమారు ఐదేళ్లు గమనిస్తే, చదవడం, బోర్డు మీద ఆడే ఆటలు, వాద్యాలు, నాట్యం అలవాటున్నవాళ్లలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. నాట్యమే ఆ జబ్బును ఆపిందని దానితో రుజువు కాదు. కానీ అడుగులు గుర్తుపెట్టుకోవడం, తాళం వినడం, పక్కమనిషిని చూసి సర్దుకోవడం అన్నీ ఒకేసారి చేయించే పని ఇంట్లో ఇంకేముంది చెప్పండి. అత్తగారికి కుర్చీ వేసి, చేతుల ముద్రలతో మొదలుపెట్టించమని గురువుగారిని అడగండి.

కూచిపూడా, భరతనాట్యమా, జుంబానా, కోలాటమా? ఏది పట్టుకోవాలో తెలియడం లేదు.

ఎందుకు చేరాలనుకుంటున్నారో దాన్ని బట్టి ఉంటుంది. చెమట పట్టాలి, బరువు తగ్గాలి అంటే జుంబా బాగుంటుంది. కొలంబియాకు చెందిన బెటో పెరెజ్ 1990ల్లో తయారుచేసిన పద్ధతి అది. ఏ రోజు చేరినా అందుకోవచ్చు. అయితే అందరూ ముందున్న మాస్టర్ వైపే చూస్తారు, పాట పెద్దగా మోగుతుంది, క్లాసు అయిపోగానే ఎవరి స్కూటీ వాళ్లు తీస్తారు.

మనుషులు కావాలనుకుంటే నేను చెప్పేది కోలాటమే. మీ కోలకు ఎదుటివాళ్ల కోల తగలాలి. ఒంటరిగా ఆడే వీలే లేదు. వలయం తిరిగేకొద్దీ మీ ఎదుటికి కొత్త మనిషి వస్తారు. గంటలో పదిహేను మంది కళ్లలోకి చూసి ఉంటారు. కూచిపూడి, భరతనాట్యం ఏళ్ల తరబడి సాగే చదువులు. స్నేహం కూడా ఆ వేగంతోనే వస్తుంది. ఒకసారి వచ్చాక మాత్రం ఊడదు.

పెద్దవాళ్లకు క్లాసు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? బోర్డులన్నీ పిల్లలకే ఉన్నాయి.

బోర్డు చూసి వెనక్కి రాకండి. నలుగురు కలిసి అడిగితే చాలామంది గురువులు పెద్దవాళ్లకు విడిగా గంట కేటాయిస్తారు. మా బ్యాచ్ అలాగే పుట్టింది. పిల్లల్ని క్లాసులో వదిలి, బయట చెప్పుల పక్కన మెట్ల మీద కూర్చునే అమ్మలం ఐదుగురం. గంటసేపు ఫోను చూసుకునే బదులు లోపలికి రమ్మని గురువుగారే పిలిచారు.

పురమందిరంలోనో, కస్తూర్బా కళాక్షేత్రంలోనో నాట్య ప్రదర్శన ఉంటే వెళ్లండి. దసరా నవరాత్రుల్లో గుళ్లలోనూ ఉంటాయి. ప్రదర్శన అయ్యాక పిల్లల జడలు విప్పుతూ గురువుగారు అక్కడే ఉంటారు. అదే అడగడానికి మంచి సమయం. ఇంకొక మాట. రైలు కట్టకు మీరున్న వైపే క్లాసు దొరికితే దానికే ఓటు వేయండి. గట్టి వాన పడితే మాగుంట లేఔట్, రామలింగాపురం అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయి, ఆ రోజు క్లాసు పోయినట్టే.

చేరే ముందు ఏం చూసుకోవాలి?

ముందు నేల చూడండి. చెప్పులు విప్పి ఒకసారి గట్టిగా అడుగేయండి. నున్నటి టైల్స్ మీద చెమట పడితే జారుతుంది. గరుకు సిమెంటు నేల అరికాలిని కొరుకుతుంది. తర్వాత ఒక క్లాసు మొత్తం పక్కన కూర్చుని చూడనివ్వమని అడగండి. గురువుగారు తప్పు దిద్దేటప్పుడు ఎలా మాట్లాడుతున్నారో వినండి. దిద్దించుకున్న మనిషి మొహం చూడండి. నాకు ఇంతకంటే మంచి కొలత ఏదీ కనబడలేదు. క్లాసు మొదలయ్యే ముందు పది నిమిషాలు, అయ్యాక పది నిమిషాలు జనం అక్కడే ఉంటున్నారా, పారిపోతున్నారా అన్నది కూడా గమనించండి.

ఫీజు కాక ఇంకేం ఖర్చులుంటాయి?

మొదటి ఏడాది పెద్దగా ఉండవు. ప్రాక్టీసు చీర ఒకటో రెండో, అంతే. గజ్జెలు ఇప్పుడే కొనకండి. అడుగులూ, జతులూ (తకిట, తకధిమి లాంటి పలుకుల వరసలు) కుదిరాక గజ్జెపూజ చేసి కట్టిస్తారు, అప్పుడు గురువుగారు చెప్పిన వరసల లెక్క ప్రకారం తీసుకోవచ్చు. అసలు ఖర్చు ప్రదర్శన దగ్గర వస్తుంది. డ్రెస్సు అద్దె, మేకప్, నగలు, జడ, ప్రయాణం అన్నీ మీద పడతాయి. రంగప్రవేశం, అంటే ఒంటరిగా చేసే తొలి పూర్తి ప్రదర్శన అయితే వాద్య బృందం, హాలు అద్దె కూడా కలుస్తాయి. "ప్రదర్శనలో పాల్గొనడం తప్పనిసరా, ఎంత అవుతుంది?" అని చేరే రోజే అడగండి. అడిగినందుకు నొచ్చుకునే చోట చేరకపోవడమే నయం.

ఇంట్లో "ఈ వయసులో గంతులేంది" అంటున్నారు. ఏం చెప్పాలి?

వాదనకు దిగకండి. మా ఇంట్లో పని చేసింది రెండే. మొదటిది లెక్క. పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారానికి మూడు క్లాసులైతే 180 నిమిషాలు. డాక్టరు నడవమన్న నడక ఇదే అని చెప్పాను. రెండోది, మా అత్తగారిని ఒకరోజు వెంట తీసుకెళ్లడం. అక్కడ ఆవిడకు బుచ్చిరెడ్డిపాళెం నుంచి వచ్చిన ఒకావిడ దూరపు చుట్టమని తేలింది. మరుసటి వారం నేను బద్ధకిస్తే "ఏం మే, టైం కాలేదా?" అని ఆవిడే లేపారు.

మగవాళ్లు చేరొచ్చా? నవ్వుతారేమో.

కూచిపూడి మగవాళ్ల చేతుల్లోనే పెరిగింది. భాగవత మేళాల్లో ఆడ పాత్రలు కూడా వాళ్లే వేసేవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కడితే చూసిన పాతతరం వాళ్లు ఇప్పటికీ ఆ సత్యభామ జడ గురించే చెబుతారు. మా బ్యాచ్‌లో ఇద్దరు మగవాళ్లున్నారు. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు, తాళం తప్పరు. ముందే ఫోన్ చేసి, మిగతావాళ్లు ఇబ్బంది పడతారేమో గురువుగారితో మాట్లాడుకుని వెళ్తే సరిపోతుంది.

మేం క్రైస్తవులం. అన్నీ దేవుళ్ల పాటలే కదా, ఎలా?

నిజమే, కూచిపూడిలో ఎక్కువ భాగం పురాణ కథలే. క్లాసు మొదట్లోనూ చివరా చేసే నమస్కారం భూమికి, కాలితో తొక్కుతున్నందుకు క్షమించమని. మా బ్యాచ్‌లో చర్చికి వెళ్లే నర్సమ్మ ఒకరున్నారు. అడుగులు, జతులు, జతిస్వరం లాంటి శుద్ధ నృత్తమే ఆమె నేర్చుకుంటున్నారు. అందులో సాహిత్యం ఉండదు. ముస్లిం అమ్మాయి ఒకతె జానపద నృత్యాలకు మాత్రమే వస్తుంది. ఎక్కడిదాకా మీకు సమ్మతమో ముందే చెప్పండి. మంచి గురువు దాన్ని గౌరవిస్తారు.

## మొదటి నెల

ఏం వేసుకుని రావాలి?

కాటన్ చుడీదారు, నడుముకు బిగించి కట్టిన చున్నీ. చున్నీ చివర్లు పక్కకు ముడి వేయండి, వెనక్కి వేస్తే తిరిగేటప్పుడు కాళ్లకు చుట్టుకుంటుంది. మెట్టెలు గుచ్చుకుంటే పలచటి బట్ట చుట్టండి. సంచిలో రెండు పిన్నీసులు అదనంగా పెట్టుకోండి, ఎవరో ఒకరు అడుగుతారు.

మోకాళ్లు పట్టేస్తున్నాయి. మానెయ్యాలా?

తొడల కండరాలు పట్టేయడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలి కీలు లోపల పోటు, వాపు, మెట్లు దిగేటప్పుడు గుచ్చినట్టుండటం మామూలు కాదు. ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. చాలాసార్లు తప్పు ఒకచోటే ఉంటుంది. పాదాలు పక్కలకు తిప్పుతాం గానీ మోకాళ్లు ముందుకే ఉండిపోతాయి, కీలు మెలిపడుతుంది. తుంటి దగ్గర నుంచి తిప్పాలి, మోకాలు కాలివేళ్ల దిక్కునే పోవాలి. పాదాలు ఎంత తిరిగితే అంతే తిప్పండి. మడమ కొట్టేటప్పుడు నేలను పగలగొట్టాల్సిన పనిలేదు. శబ్దం అరికాలు చదునుగా పడితే వస్తుంది, బలంతో రాదు. భోజనానికీ క్లాసుకీ రెండు గంటలైనా ఎడం ఉంచండి.

తాళం అసలు అందడం లేదు. నాకు రాదేమో?

వస్తుంది. నోటితో రానిదే కాలికి రాదు, అందుకే ముందు నోటితో పలకండి. "తకిట" అంటే మూడు. "తకధిమి" అంటే నాలుగు. "తకతకిట" ఐదు, "తకిట తకధిమి" ఏడు, "తకధిమి తకతకిట" తొమ్మిది. తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం అనే ఐదు జాతులూ ఇవే. గురువుగారు చెక్క పలక మీద కర్రతో కొట్టేది వినపడుతున్నా మొదట్లో మన చెవికి చిక్కదు.

నేను చపాతీలు ఒత్తుతూ నేర్చుకున్నాను. కర్ర ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి అంటే తకధిమి. నాలుగు తకధిములకు చపాతీ పావు వంతు తిప్పాలి. ఖండం మాత్రం చపాతీకి లొంగలేదు, దానికి మెట్లెక్కాను. మూడో అంతస్తుకు చేరేసరికి కుడికాలితో మొదలుపెట్టిన ఐదు ఎడమకాలికి మారడం ఒంటికి తెలిసింది. నెల రోజులు రోజుకు పది నిమిషాలు ఇలా చేస్తే, క్లాసులో మీ కాలు మీ కంటే ముందే లేస్తుంది.

లావుగా ఉంటాను. అద్దం ముందు అందరిలో నిలబడాలంటే సిగ్గుగా ఉంది.

మొదటి వారం రెండో వరసలో, గురువుగారి కాళ్లు కనిపించే చోట నిలబడండి. చివరి వరస వద్దు. అక్కడ అడుగు కనబడదు, తప్పులు పెరుగుతాయి, సిగ్గు ఇంకా పెరుగుతుంది. అద్దంలో మీ నడుమును కాదు, మీ మోచేయిని చూడండి. మోచేయి భుజం ఎత్తులో ఉందా లేదా, ఆ ఒక్కటే. నిజం చెబుతున్నాను, ఆ గంటలో పక్కవాళ్లను చూసే తీరిక ఎవరికీ ఉండదు.

## మనుషులు దగ్గరయ్యేటప్పుడు

చేరి రెండు నెలలైంది. ఎవరితోనూ మాట కలవలేదు. నాలోనే ఏదైనా లోపమా?

మీలో లోపం లేదు, రెండు నెలలు చాలవంతే. నాకు మూడున్నర నెలలు పట్టింది. అప్పటిదాకా "బాగున్నారా", "వాన పడేటట్టుంది" తప్ప ఎవరితోనూ ఏమీ మాట్లాడలేదు. మాటల్లో పడితేనే దగ్గరవుతామని అనుకుని బాధపడ్డాను.

ఒక గురువారం జరిగింది చెబుతాను. పదిమందిమి మూడో అడుగు వేస్తున్నాం. రోజూ మా కాళ్లు వడగళ్లు రాలినట్టు పదిరకాలుగా చప్పుడయ్యేవి. ఆ రోజు రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఉన్నట్టుండి ఒకే ఒక్క చప్పుడు వచ్చింది. మళ్లీ వచ్చింది. గురువుగారు కర్ర ఆపేశారు, మేం ఆగలేదు. ఎనిమిది ఆవృత్తాలు (తాళం చుట్లు) పోయాక ఎవరో నవ్వారు, అందరం నవ్వేశాం. నా పక్కన నిలబడే టైలరింగ్ అక్క నా మోచేయి పట్టుకుని, "అబ్బ, ఇవాళ వచ్చిందే!" అన్నారు. ఆ రోజే మొదటిసారి కలిసి కారం దోశకు వెళ్లాం.

దీనికి కారణం ఉంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో స్కూలు పిల్లలతో నాట్యం చేయించి చూశారు. అందరూ ఒకే కదలికను ఒకేసారి చేసినప్పుడు పిల్లలు నొప్పిని ఎక్కువగా ఓర్చుకున్నారు, పక్కవాళ్లతో దగ్గరితనమూ పెరిగిందన్నారు. ఒకే సమయంలో ఒకే అడుగు వేయడానికి ఒకే మనుషులు పదేపదే రావాలి. కాబట్టి చెయ్యాల్సింది ఒక్కటే. బ్యాచ్ మార్చకండి. ఈ వారం పొద్దున, వచ్చే వారం సాయంత్రం అని తిరిగితే ఎప్పటికీ కొత్తవాళ్లే. అదే వేళకు, వీలైతే అదే చోట నిలబడండి. పది నిమిషాలు ముందు వచ్చి చాపలు తీయండి, కిటికీలు తెరవండి. పేర్లు కనుక్కుని పేరుతో పిలవండి. ఒకరు రాకపోతే మర్నాడు "నిన్న రాలేదే?" అని అడగండి. నన్ను అలా అడిగిన మొదటి మనిషిని నేను మర్చిపోలేదు.

వాట్సాప్ గ్రూపులో చేరితే సరిపోదా?

టైమింగులకు సరిపోతుంది. స్నేహానికి ఒకరికి ఒకరు ఫోన్ చేసుకోవాలి.

బ్యాచ్‌లో ముందే గుంపులున్నాయి. లోపలికి రానివ్వడం లేదు.

గుంపు గుంపుగా ఉన్నప్పుడు వెళ్లి కలవడం కష్టం. అందులో ఒక మనిషిని ఎంచుకుని ఒక చిన్న సాయం అడగండి. "ఈ జతి చివర ముక్తాయింపు నాకు అర్థం కాలేదు, ఒకసారి చూపిస్తారా?" అని అడిగితే కాదనే మనిషిని నేను చూడలేదు. నేర్పినవాళ్లకు మీ మీద ఒక బాధ్యత ఏర్పడుతుంది. ఒకవేళ కులాన్ని బట్టో, భర్తల ఉద్యోగాలను బట్టో కూర్చునే బ్యాచ్ అయితే, గురువుగారికి చెప్పండి. మా గురువుగారు నెలకోసారి వరసలు కలిపేస్తారు. అలా చెయ్యని చోట ఎక్కువ కాలం ఉండకండి. అది మీ గంట, మీ డబ్బు.

నా వీడియో తీస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

మీ ఇష్టం లేకుండా వద్దు. ఇప్పుడున్న క్లాసుకు ముందు నేను మరోచోట నెల రోజులు వెళ్లాను. చెప్పకుండా వీడియో తీసి ప్రకటనలో పెట్టారు. అడుగు తడబడిన నా మొహం మా వారి ఆఫీసులో తిరిగింది. తీసెయ్యమంటే వారం పట్టింది. మళ్లీ గజ్జెల చప్పుడు వినడానికి నాకు ఏడాది పట్టింది. చేరే రోజే చెప్పండి, "నేర్చుకోవడానికి తీసుకోండి, బయట పెట్టకండి" అని. వాట్సాప్‌లో రాసి పంపితే ఇంకా మంచిది.

స్టేజీ ఎక్కాల్సిందేనా?

అక్కర్లేదు. కానీ ఒక్కసారి ప్రయత్నించమంటాను, నాట్యం కోసం కాదు, మేకప్ గది కోసం. అక్కడ ఒకరి జడ ఒకరు వేస్తారు, ఒకరి పాదాలకు ఒకరు పారాణి పూస్తారు. కళ్లకు కాటుక దిద్దించుకునేటప్పుడు ఎదుటి మనిషి ఊపిరి మన మొహానికి తగులుతుంది. ఆరు నెలల పరిచయం ఆ రెండు గంటల్లో అవుతుంది. మొదటిసారి గుళ్లో దసరా కార్యక్రమం తీసుకోండి. టికెట్టు ఉండదు, తప్పు పట్టేవాళ్లుండరు. పరీక్షలు రాయాలనుంటే ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆపైన రెండేళ్ల డిప్లొమా ఉన్నాయి.

## మధ్యలో ఆగినా, వెళ్లిపోయినా

రోహిణి కార్తె ఎండల్లో, నవంబరు వానల్లో ఎలా?

మే నెలలో సాయంత్రం నాలుగు గంటల క్లాసు వద్దు. పొద్దున ఆరున్నరకు మార్చమని బ్యాచ్ అంతా కలిసి అడగండి. సబ్జా నీళ్లో, పలచటి మజ్జిగో ఒక క్యాన్‌లో వంతులవారీగా తెచ్చుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, తుఫాను వస్తే క్లాసులు ఆగుతాయి. ఆ రోజుల్లో మేం అదే గంటకు ఫోన్లో కలిసి నోటితో జతులు చెప్పుకుంటాం.

నెలసరిలో, గర్భంతో ఉన్నప్పుడు చెయ్యొచ్చా?

నెలసరిలో ఓపిక ఉంటే చెయ్యండి, లేకపోతే కూర్చుని ముద్రలు, తాళం చూసుకోండి. గర్భంతో ఉంటే మీ డాక్టరు మాటే చివరి మాట. క్లాసుకు రావడం మాత్రం మానకండి, కుర్చీ మేం వేస్తాం.

మా వారికి బదిలీ అయింది. ఇన్నాళ్ల స్నేహం పోయినట్టేనా?

పోదు. వెళ్లే ఊళ్లో గురువు ఎవరున్నారో మీ గురువుగారినే అడగండి, వాళ్లకు తెలిసినవాళ్లు ఉంటారు. మా టైలరింగ్ అక్క ఇప్పుడు కందుకూరులో ఉంది. అక్కడ కోలాటం జట్టు కట్టింది. రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలకు ఆ జట్టుతో నెల్లూరు వచ్చి మా ఇంట్లోనే దిగుతుంది, ఎనిమిది మందీ హాల్లో పరుపులు వేసుకుని పడుకుంటారు.

ఎనిమిది నెలలు మానేశాను. మళ్లీ రావాలంటే మొహం చెల్లడం లేదు.

మా బ్యాచ్‌లో మానేసి మళ్లీ రానివాళ్ల కంటే వచ్చినవాళ్లే ఎక్కువ. పిల్లల పరీక్షలు, ఇంట్లో ఆపరేషను, చావులు, పెళ్లిళ్లు ఎవరికి లేవు? ఎందుకు రాలేదో అందరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ముందు రోజు గురువుగారికి ఒక్క ఫోన్ చేయండి. మర్చిపోయిన అడుగుల కోసం ఇంట్లో కంగారుపడి సాధన చేయకండి, కాళ్లు పట్టేస్తాయి. మామూలు వేళకు పది నిమిషాలు ముందు వచ్చి చాపలు తీయండి. మీరు నిలబడే చోటులో ఎవరైనా కొత్తమ్మాయి ఉంటే ఆ పక్కన నిలబడి, పేరు అడగండి.